మె గుస్తా అంటే నచ్చుతుంది

డిగ్రీ మొదటి సెమిస్టర్‌లో ఒక పొద్దున మా స్పానిష్ మాస్టారు బోర్డు మీద ‘మె గుస్తా ఎల్ కఫే’ అని రాశారు. ఆ గంటంతా ఆ ఒక్క వాక్యంతోనే గడిచిపోయింది. దేశం నలుమూలల నుంచీ వచ్చినవాళ్లం కాబట్టి పాఠం ఇంగ్లిష్‌లో జరగాల్సిందే. ‘ఐ లైక్ కాఫీ’ని పక్కనే రాసి, ఇక్కడ నేను కర్త కదా, అక్కడ కాఫీ ఎలా కర్త అయింది, క్రియ కాఫీ వెంట ఎందుకు నడుస్తోంది అని ఆయన బాణాలు గీసి వివరించారు. ఆ బాణాలన్నీ నోటుబుక్కులోకి దించుకున్నాను.

ఆ రాత్రి హాస్టల్లో చదువుకుంటూ పక్కనే తెలుగులో రాశాను: ‘నాకు కాఫీ నచ్చుతుంది.’ మె అంటే నాకు. గుస్తా అంటే నచ్చుతుంది. అంతే, బాణాలతో పని తీరిపోయింది. పూలయితే ‘మె గుస్తాన్ లాస్ ఫ్లోరెస్’, నాకు పూలు నచ్చుతాయి. కాఫీకి గుస్తా, పూలకి గుస్తాన్. మనకీ అంతే, ఒకదానికి నచ్చుతుంది, పదింటికి నచ్చుతాయి. తర్వాత అడిగితే తెలిసింది, తమిళ, మలయాళ, హిందీ మిత్రుల ఇంటి భాషల్లోనూ ఇదే కట్టు ఉంది. అయినా అందరం ఇంగ్లిష్ దారిలో చుట్టూ తిరిగి వచ్చాం.

స్పానిష్ చదివినన్నాళ్లూ, ఇప్పుడు అనువాదాలు చేస్తున్నప్పుడూ నా నమ్మకం ఒక్కటే: తెలుగువాడు స్పానిష్ దగ్గరికి తెలుగు మీదుగా వెళ్లాలి.

మొదట నోటి సంగతే చూడండి. స్పానిష్‌లో ‘పెరో’ అంటే కానీ, ‘పెర్రో’ అంటే కుక్క. ఆ రెండో మాటలో నాలుక కొస అదరాలి. ఇంగ్లిష్ పుట్టుభాషగా ఉన్నవాళ్లలో చాలామంది దీనికోసం నెలల తరబడి అవస్థపడతారు. కర్ర, బుర్ర, గుర్రం అంటూ పెరిగిన మనకి అది పుట్టుకతో వచ్చిన సొత్తు. క, త, ప లు వాళ్లవీ మనవీ ఒక్కలాగే పలుకుతాయి, ఊపిరి ఒత్తు లేకుండా. క్రియ చివర చూస్తే మనిషెవరో తెలిసిపోవడమూ మనకి అలవాటే. ‘ఆబ్లో’ అంటే మాట్లాడతాను, ‘ఆబ్లాస్’ అంటే మాట్లాడతావు. నేను, నువ్వు అని విడిగా చెప్పే పని వాళ్లకీ లేదు, మనకీ లేదు. మర్యాద తేడా కూడా మనలాగే: ‘తూ’ నువ్వు, ‘ఉస్తేద్’ మీరు. ఈ ఉస్తేద్ అనేది ‘బుఎస్త్రా మెర్సెద్’ అనే పాత గౌరవ వాచకం అరిగి అరిగి మిగిలిన మాట. మన ‘తమరు’ గుర్తొస్తుంది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన వాక్యం ‘సె మె కయో ఎల్ బాసో’. గ్లాసు నా చేతిలోంచి జారి పడిపోయింది. ఇంగ్లిష్ వాక్యమైతే నేనే పడేశానని చెబుతుంది. స్పానిష్ మాత్రం, పడింది గ్లాసు, అది నా వల్ల కావాలని జరగలేదు అని చెబుతుంది. వంటింట్లో చప్పుడు విని అమ్మ కేకేస్తే మన పిల్లలు చెప్పే జవాబూ అదే: ‘జారిపోయిందమ్మా.’

‘ఉండు’ అనడానికి స్పానిష్‌లో సెర్, ఎస్తార్ అని రెండు క్రియలున్నాయి. తెలుగు ఇక్కడ సగం దూరం తోడొస్తుంది. ‘ఆమె డాక్టరు’ అనేటప్పుడు మనం క్రియే వాడం, వాళ్లు సెర్ వాడతారు. ‘ఆమె ఇంట్లో ఉంది’, ‘కాఫీ చల్లగా ఉంది’ అన్నచోట వాళ్లది ఎస్తార్. ‘ఆమె పొడుగ్గా ఉంటుంది’ దగ్గరికి వచ్చేసరికి లెక్క తప్పుతుంది, మళ్లీ సెర్ కావాలి. ఇక లింగం దగ్గర తెలుగు పూర్తిగా చేయి వదిలేస్తుంది. మనకి బల్లా, చెయ్యీ, రోజూ అన్నీ ‘అది’. వాళ్లకి బల్ల స్త్రీలింగం, ‘మానో’ అనే చెయ్యి ఓకారంతో ముగిసినా స్త్రీలింగమే, ‘దియా’ అనే రోజు ఆకారంతో ముగిసినా పుంలింగం. వల్లె వేయడం తప్ప దీనికి దారి లేదు.

భాష వెంట వచ్చే సంస్కృతిని సిలబస్‌లో విడిగా ఒక పేపరుగా పెడతారు. నిజానికి అది మాటల్లోనే ఉంటుంది. మనం సపోటా అంటున్న పండు పేరు మెక్సికోలోని నావాత్ల్ భాష మాట, స్పానిష్ నోట ‘సపోతె’ అయింది. పంచదారని వాళ్లు ‘అసూకర్’ అంటారు. అది అరబ్బీ మీదుగా వెళ్లిన సంస్కృత శర్కర, అంటే మన చక్కెరకి తోబుట్టువు. 711 నుంచి 1492 దాకా ఐబీరియాలో ముస్లిం పాలన సాగింది కాబట్టి అరబ్బీ మాటలు ఆ భాషలో వేలల్లో ఉన్నాయి.

సాహిత్యం పేపరులో అందరూ గార్సియా మార్కెస్ కోసం ఎదురుచూస్తారు. నన్ను పట్టుకున్నది హువాన్ రుల్ఫో. మెక్సికోలో హలిస్కో ప్రాంతం వాడు. పేరు తెచ్చినవి రెండే రెండు చిన్న పుస్తకాలు, 1953లో ఒక కథల సంపుటి, 1955లో ‘పెద్రో పారమో’ నవల. ఆ సంపుటిలో ఒక కథ ఉంది. విప్లవం తర్వాత ప్రభుత్వం రైతులకి భూమి పంచుతుంది, అయితే అది చుక్క నీరు లేని మైదానం. మాది అనంతపురం జిల్లా. ఆ నేల గురించి నాకు ఎవరూ ఫుట్‌నోట్ రాయక్కర్లేదు.

అనంతపురానికీ స్పానిష్‌కీ ఉన్న బంధుత్వం వేరే. బార్సిలోనాలో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో మా సీమకి వచ్చి ఆర్డీటీ అనే సేవాసంస్థ మొదలుపెట్టారు. 2009లో అనంతపురంలోనే కన్నుమూశారు. స్పెయిన్‌లో ఎన్నో కుటుంబాలు ఇక్కడి పిల్లల చదువుకి డబ్బు పంపాయి, ఉత్తరాలు రాశాయి. ఒక సెలవుల్లో ఊరికి వెళ్తే పక్కింటి పెద్దమ్మ ట్రంకుపెట్టెలోంచి పాత ఉత్తరం ఒకటి తీసింది. కూతురికి ఎప్పుడో వచ్చింది, మడతల దగ్గర చిరిగింది.

“ఏం రాసినాదో చదువు నాయనా” అంది.

చివరి వాక్యం ‘ఓహలా యుఎబా’ అని మొదలైంది. ఓహలా కూడా అరబ్బీ మాటే, దైవం తలిస్తే అన్న అర్థంలోంచి వచ్చింది. దాని వెనక వచ్చే క్రియారూపాన్ని మేం రెండేళ్లు పట్టికలు రాసి బట్టీ పట్టాం. అలవాటు కొద్దీ “మీ ఊళ్లో వర్షం కురుస్తుందని ఆశిస్తున్నాను అంటోంది” అన్నాను. పెద్దమ్మ ముఖంలో ఏ కదలికా లేదు. మళ్లీ చూసుకుని, “మీ ఊళ్లో వానలు పడాల తల్లీ అంటాంది పెద్దమ్మా” అన్నాను.

“పడాల నాయనా, పడాల” అని రెండు చేతులూ జోడించింది.

పట్టికల్లో బట్టీ పట్టిన ఆ రూపం నాకు ఆ అరుగు మీద అర్థమైంది.

ఈ చదువుతో ఉద్యోగం వస్తుందా అని తల్లిదండ్రులు అడుగుతారు. అనువాదం, బోధన, విదేశీ ఖాతాదారులతో పనిచేసే కంపెనీలు, దారులున్నాయి. ఈ చదువుకి హైదరాబాద్‌లోనే ఇఫ్లూ విశ్వవిద్యాలయం ఉంది, ఢిల్లీలో జేఎన్‌యూ ఉంది. స్పానిష్ అధికార భాషగా ఉన్న దేశాలు 20. ఆఫ్రికాలోని ఈక్వటోరియల్ గినీ కూడా అందులో ఒకటి.

మీ ఇంటి పిల్లలెవరైనా ఈ ఏడు స్పానిష్‌లో చేరితే, నోటుబుక్కులో ప్రతి పేజీకీ ఎడమవైపు తెలుగుకి చోటు వదలమనండి. నేర్పే మాస్టార్లకి కూడా ఒక మనవి. వారానికి ఒక్క గంటైనా, మధ్యలో ఇంగ్లిష్ లేకుండా, పిల్లల్ని నేరుగా వాళ్ల ఇంటి భాషలోకి అనువదించనివ్వండి.