వంటగదిలో దేవుని సన్నిధి: బ్రదర్ లారెన్స్ బోధలో స్వస్థత – ఒక విమర్శనాత్మక పరిశీలన

ఉపోద్ఘాతం

నిత్యజీవితంలో చేస్తున్న పనిలోనే మనసు నిలిపి, ప్రతి క్షణం మెలకువతో జీవించడం స్వస్థతకు మార్గమనే బోధ ఈనాడు ఆసుపత్రుల్లోనూ, ధ్యాన కేంద్రాల్లోనూ, సంఘాల్లోనూ వినిపిస్తున్నది. క్రైస్తవులలో ఈ బోధకు ఆధారంగా తరచుగా చూపబడే గ్రంథం బ్రదర్ లారెన్స్ సంభాషణలు, లేఖల సంకలనం. ఇంగ్లీషులో ఇది ‘ది ప్రాక్టీస్ ఆఫ్ ది ప్రెజెన్స్ ఆఫ్ గాడ్’ అనే పేరుతో ప్రసిద్ధి చెందింది.

ఈ గ్రంథాన్ని మేము తరగతిలో బోధించినప్పుడు ఒక విద్యార్థిని లేచి తన తల్లిని గురించి చెప్పింది. ఆ తల్లి ఏళ్ల తరబడి కడుపునొప్పితోనే ఇంటిల్లిపాదికీ వండిపెట్టింది. కాపరిగారితో చెప్పుకుంటే, నొప్పిలోనూ పనిలోనూ దేవుని సన్నిధిని అభ్యసించమని ఆయన సలహా ఇచ్చారు. “అమ్మ అభ్యసించింది సార్, ఆసుపత్రికి మాత్రం ఎవరూ తీసుకెళ్లలేదు” అని ఆమె కూర్చుంది. ఆ మాటకు తరగతిలో మేము సరియైన జవాబు ఇవ్వలేకపోయాము. ఈ వ్యాసం ఆ జవాబు కొరకైన ప్రయత్నం.

గ్రంథ నేపథ్యం

లారెన్స్ అసలు పేరు నికొలా హెర్మాన్. 17వ శతాబ్దపు లొరేన్ ప్రాంతంలో పేద కుటుంబంలో పుట్టాడు. యుద్ధంలో సైనికుడిగా గాయపడి జీవితాంతం కుంటుతూ నడిచాడు. 1640లో పారిస్‌లోని కార్మెలైట్ మఠంలో సామాన్య సహోదరుడిగా చేరాడు. అక్కడ సుమారు 15 సంవత్సరాలు వంటపని చేసి, తరువాత చెప్పులు బాగుచేసే పనికి మారాడు. 1666 ఆగస్టు నుండి ఆయనతో జరిపిన నాలుగు సంభాషణలను జోసెఫ్ దె బోఫోర్ వ్రాసిపెట్టాడు. 1691లో లారెన్స్ మరణించిన తరువాత ఆయన లేఖలతో పాటు ఇవి వెలుగు చూశాయి.

ఈ గ్రంథం ప్రశాంతతకు సులభసాధనంగా ప్రచారం పొందుతున్నది గనుక రెండు విషయాలను గమనించాలి. మొదటిది, లారెన్స్‌కు వంటపని స్వభావరీత్యా ఇష్టం లేదు. మఠజీవితాన్ని ఆయనే ఎంచుకున్నాడు గాని, వంటగదిని పెద్దలు అప్పగించారు. రెండవది, మఠంలో మొదటి పది సంవత్సరాలు తాను తీవ్రమైన అంతరంగ వేదన అనుభవించినట్లు ఆయన లేఖే చెబుతున్నది. కనుక ఆయన చెప్పే సన్నిధి బాధ ఎరుగని మనిషి చెప్పిన సలహా కాదు.

బోధలోని బలం

ప్రార్థనా సమయం వేరు, పని సమయం వేరు అనే విభజనను లారెన్స్ అంగీకరించలేదు. నేల మీది గడ్డిపోచను తీసేటప్పుడు కూడా దేవుని ప్రేమ కొరకు తీయవచ్చని ఆయన భావం. మరియ, మార్త అనే అక్కచెల్లెళ్ల వృత్తాంతాన్ని (లూకా 10:38-42) ప్రార్థనను హెచ్చించి వంటపనిని తగ్గించడానికి సంఘం పలుమార్లు వాడుకున్నది. లారెన్స్ జీవితంలో మార్త పని, మరియ ధ్యానం ఒకే మనిషిలో కలిసాయి. బియ్యం ఏరే చేతికీ, గిన్నెలు తోమే చేతికీ ఇది గొప్ప గౌరవం. చీలిపోయిన మనసు ఒకటి కావడం కూడా స్వస్థతే. ఈ మేరకు మేము ఆయనతో పూర్తిగా ఏకీభవిస్తున్నాము.

బోధలోని లోపం

మా అభ్యంతరం ఆయన చివరి లేఖలతో మొదలవుతుంది. దీర్ఘవ్యాధితో ఉన్న ఒకరికి వ్రాస్తూ, బాధ తొలగాలని గాక దానిని భరించే బలం కలగాలని తాను ప్రార్థిస్తున్నానని లారెన్స్ అంటాడు. ఆత్మను బాగుచేయడానికి దేవుడు తరచుగా శరీరానికి వ్యాధి పంపుతాడంటాడు. వైద్యం ఫలించక వ్యాధి ముదురుతున్నది గనుక ఇక దేవుని చేతికే అప్పగించుకొమ్మని సలహా ఇస్తాడు. వీటన్నిటిలో శ్రద్ధ నిలపవలసిన వ్యక్తి రోగియే. చుట్టూ ఉన్నవారు ఏమి చేయాలో అక్కడ దాదాపు కనిపించదు.

వైద్యం ఫలించక వ్యాధి ముదిరిన మరొక వ్యక్తిని మార్కు సువార్త చూపిస్తుంది (5:25-34). ఆ స్త్రీ 12 సంవత్సరాలు రక్తస్రావంతో బాధపడి, ఉన్నదంతా వైద్యులకు ఖర్చు చేసింది. ఆమె యేసు వస్త్రాన్ని ముట్టగానే శరీరం బాగుపడినట్లు 29వ వచనంలోనే ఉన్నది. అయితే యేసు ఎందుకు ఆగాడు? ఆయన వెళ్తున్నది చావుబ్రతుకులలో ఉన్న యాయీరు కుమార్తె కొరకు. తోసుకునే జనసమూహంలో ఎవరు ముట్టారని అడగడం శిష్యులకు అర్థం లేని పనిగా తోచింది. అయినా ఆయన ఆగి, చూచి, ఆమె తన సంగతంతా చెప్పేవరకు విన్నాడు. ఆయన ఆమెతో ఇంకా మాట్లాడుతుండగానే యాయీరు కుమార్తె మరణవార్త వచ్చింది. పూర్తిగా ఒకరి యెదుట నిలబడటం ఎంత వెలగలదో మార్కు దాచలేదు.

ఆ తరువాత యేసు పలికిన మాటలో గ్రీకు మూలంలో ‘సోజో’ అనే క్రియ ఉన్నది. దానికి రక్షించుట, స్వస్థపరచుట అనే రెండు అర్థాలూ కలవు. శరీరం బాగైన స్త్రీకి ఈ మాట మరల చెప్పవలసి వచ్చిందంటే, ఆమె మాట వినబడేవరకు, కుమార్తె అని పిలువబడేవరకు స్వస్థత పూర్తి కాలేదని మేము అర్థం చేసుకుంటున్నాము. ఇక్కడ సన్నిధి రోగి మీద మోపిన సాధన కాదు, రోగికి ఇవ్వబడిన వరం.

లారెన్స్‌కు న్యాయం చేయాలంటే ఒక సంగతి చెప్పాలి. 1691 ఫిబ్రవరిలో, తన మరణానికి కొద్ది రోజుల ముందు కూడా, ఆయన లేఖ వ్రాశాడు. బాధలో ఉన్నవారిని చివరివరకు విడువలేదు. లేఖలలోని సలహా కంటే, ఆ లేఖలు వ్రాయడమే సువార్తకు దగ్గరగా ఉన్నదని మా అభిప్రాయం.

ముగింపు

మన సంఘాలలో రోగుల దర్శనం ఎలా జరుగుతున్నదో మనందరికీ తెలుసు. ఒక వాక్యం చదివి, గట్టిగా ప్రార్థించి, ఇంకో ఇంటికి వెళ్లాలని లేస్తాము. మధ్యలో సెల్‌ఫోన్ మ్రోగితే తీస్తాము. రోగికి మాత్రం ఓర్పు, విశ్వాసం, దేవుని సన్నిధి బోధిస్తాము. ఈ క్రమం తలక్రిందులు కావాలి. ప్రస్తుత క్షణంలో పూర్తిగా ఉండవలసినవారు మొదట మంచం ప్రక్కన కూర్చున్నవారు. అలా కూర్చున్నవారికి నొప్పి ఎక్కడో, ఎన్నాళ్ల నుండో వినబడుతుంది. విన్నవారు ఆసుపత్రికి తోడు వెళ్తారు, ఇంట్లో ఆ పూట వంట ఎవరు చేయాలో కూడా ఆలోచిస్తారు.

లారెన్స్ గ్రంథాన్ని మేము ఇకముందు కూడా బోధిస్తాము. అయితే మార్కు 5వ అధ్యాయంతో కలిపి బోధిస్తాము. దానిని రోగి చేతిలో పెట్టే ముందు కాపరి చేతిలో పెట్టాలన్నదే ఆ విద్యార్థినికి ఆలస్యంగా మేము ఇస్తున్న జవాబు.