పునరుక్తి ఎవరికి దోషం?

దళిత పాట మీద తరచూ వినపడే అభియోగం ఒకటుంది: చెప్పిందే చెబుతారని. అలంకార శాస్త్రంలో దీనికి పేరు కూడా సిద్ధంగా ఉంది, పునరుక్తి దోషం. అది ఎవరి చెవికి దోషమో అడగాలనుకుంటున్నాం.

1948లో క్లాడ్ షానన్ అనే అమెరికా ఇంజనీరు సమాచార సిద్ధాంతం రాశాడు. మామూలు ఇంగ్లీషులో దాదాపు సగం అదనమేనని ఆయన లెక్క. ఆ అదనం దండగ కాదు. దారిలో రొద ఉన్నప్పుడు మాట చెడిపోకుండా కాపాడేది అదే. మన తెలుగే చూడండి. 'మేం వచ్చాం' అన్నప్పుడు 'మేం' రొదలో కలిసిపోయినా, వచ్చిందెవరో 'వచ్చాం' చెప్పేస్తుంది. వ్యాకరణంలో ఉంటే గుణమైంది, వాడ పాటలో ఉంటే దోషమెట్లా అయింది?

ఏ సిద్ధాంతమూ చదవకుండానే ఈ సంగతి దండోరా వేసినవాళ్ళకి తెలుసు. చాలా ఊళ్ళల్లో ఆ పని మాదిగలదే. వీధి వీధికీ ఆగి, డప్పు కొట్టి, అదే మాట మళ్ళీ చెప్పేవాళ్ళు. ఒకచోట వినపడనిది ఇంకోచోట వినపడేది. అది వెట్టి అని మరిచిపోవడం లేదు. కరణం ఒక్కసారి అంటే చాలు, ఆ మాటను మళ్ళీ మళ్ళీ మోసే గొంతు వేరే ఉండేది. పెద్దల క్లుప్తత వెనక మనోళ్ళ చాకిరీ ఉంది.

1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మొదలైన మాదిగ ఉద్యమం దండోరా అనే పేరే పెట్టుకుంది. వర్గీకరణ చట్టాన్ని సుప్రీంకోర్టు 2004లో కొట్టేసింది. వర్గీకరించే అధికారం రాష్ట్రాలకు ఉందని 2024 ఆగస్టు 1న అదే కోర్టు చెప్పింది. వర్గీకరణపై దళితుల్లోనే భిన్నాభిప్రాయాలున్నాయి, అది వేరే చర్చ. ఒకే మాటను 30 ఏళ్ళు చెప్పాల్సి వచ్చిందన్నదే ఇక్కడ విషయం.

భయంలో, శోకంలో పునరుక్తి దోషం కాదని భామహుడే ఒప్పుకున్నాడు. కారంచేడు (1985), చుండూరు (1991) తర్వాత పాడినవాళ్ళకు ఆ మినహాయింపు ఎందుకు లేదు?

అట్లాగని ప్రతి పునరుక్తీ గొప్పదని మేం అనడం లేదు. పల్లవి తిరిగొచ్చినప్పుడల్లా అంతకుముందు చరణం బరువు దాని మీద పడాలి. పడకపోతే అది ఉత్త నినాదం. మన కవులూ ఈ మాట ఒప్పుకోవాలి. కానీ ఎన్నిసార్లు చెప్పారని లెక్కపెట్టే విమర్శకులు, మొదటిసారి చెప్పినప్పుడు విన్నదెవరో కూడా చెప్పాలి.