సూదిమొనతో క్రోమోజోమును లాగినవాళ్ళు

జంతుకణం రెండుగా చీలడాన్ని మొదట వివరంగా బొమ్మలు గీసి చూపినవారు జర్మన్ శాస్త్రవేత్త వాల్టర్ ఫ్లెమింగ్. సాలమాండర్ డింభకాల కణాలకు అనిలిన్ రంగులు పట్టించి, కేంద్రకంలోని దారాలు (క్రోమోజోములు) నిలువునా చీలి చెరో వైపుకూ విడిపోవడాన్ని ఆయన 1882 నాటి పుస్తకంలో వర్ణించారు. అయితే రంగు పట్టాలంటే ముందు కణాన్ని చంపాలి. ఆ బొమ్మల్లో ఈ దారాలను ఇరువైపులకూ లాగుతున్నట్టు కనిపించే కండె తంతువులు నిజంగా ఉన్నవేనా, చంపేటప్పుడు పుట్టుకొచ్చినవా? ఈ వాదన దశాబ్దాలపాటు తెగలేదు. 1953లో షిన్యా ఇనోవే ధ్రువిత కాంతి మైక్రోస్కోపు కింద, బతికున్న కణాల్లోనే వాటిని చూపించారు.

ఆ తంతువులు ట్యూబ్యులిన్ అనే ప్రొటీన్‌తో అల్లుకున్న సన్నని గొట్టాలు. ఒక్కోదాని మందం 25 నానోమీటర్లు. విభజనకు ముందే సెంట్రోజోము అనే కణభాగం జంటగా మారి, కణంలో చెరో ధ్రువానికీ చేరి, అక్కడి నుంచి ఈ గొట్టాలను పెంచుతుంది. పాఠ్యపుస్తకాలు సెంట్రోజోములోని సెంట్రియోళ్ళకు పెద్దపీట వేస్తాయి గానీ, అవి లేని ఈగలు కూడా పెరిగి పెద్దవవుతాయని 2006లో తేలింది. కండెను కట్టుకోవడానికి కణానికి వేరే దారులూ ఉన్నాయన్నమాట.

అసలు చిక్కు ఈ గొట్టాలు క్రోమోజోములను పట్టుకునే పట్టు దగ్గర ఉంది. విభజనకు ముందు రెట్టింపై జంటగా ఉన్న క్రోమోజోముల్లో ఒకదాన్ని ఒక ధ్రువం, రెండోదాన్ని ఎదుటి ధ్రువం పట్టుకోవాలి. మనిషి కణంలో 46 జంటలకూ ఇది సరిగ్గా జరగాలి. ఒక్కటి తప్పినా పిల్లకణాల లెక్క చెడుతుంది. మరి పట్టు సరిగ్గా కుదిరిందని కణానికి తెలిసేదెలా?

అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో బ్రూస్ నిక్లస్ బృందం ఈ ప్రశ్నను కణాన్నే అడిగింది. గొల్లభామ వీర్యకణాలు తయారయ్యే కణాల్లో ఒక్కోసారి ఒక క్రోమోజోము జత తప్పి, ఒకే వైపు పట్టుతో ఉండిపోతుంది. అప్పుడు కణం ముందుకు కదలకుండా గంటల తరబడి ఆగుతుంది. పరిశోధకులు అతిసన్నని గాజుసూదిని కణంలోకి దించి, ఆ క్రోమోజోమును ధ్రువానికి ఎదురుగా మెల్లగా లాగి పట్టుకున్నారు. తప్పు తప్పుగానే ఉంది, దొరికిందల్లా సూది ఇచ్చిన బిగువు. అంతే, ఆగిన విభజన ముందుకు సాగింది! 1995లో వెలువడిన ఈ ఫలితం నా దృష్టిలో కణశాస్త్రంలోని మహత్తర ప్రయోగాల్లో ఒకటి. ఆ కణాలు పట్టును గుర్తించేది లాగుడుతో అని చేతితో రుజువు చేశారు.

ఈ బిగువు రహస్యం ఆసుపత్రి మందుల్లోనూ ఉంది. మన పెరళ్ళలో పూసే బిళ్ళగన్నేరు నుంచి తీసిన విన్‌క్రిస్టిన్ ట్యూబ్యులిన్‌ను గొట్టాలుగా అల్లుకోనివ్వదు. పట్టూ బిగువూ కుదరక, విభజన మధ్యలోనే ఆగి క్యాన్సర్ కణాలు చచ్చిపోతాయి. పిల్లల రక్తక్యాన్సర్ చికిత్సలో ఇది ముఖ్యమైన మందు. నరాల పొడవునా ఉన్నవీ అవే గొట్టాలు కాబట్టి, ఈ మందు వాడేవారికి కాళ్ళూ చేతులూ తిమ్మిరెక్కుతాయి. అందుకే డాక్టర్లు మోతాదును అంత జాగ్రత్తగా లెక్కగడతారు.