ఉల్కవేఁట: స్వామ్యవిచారము

ఫ్రెంచి నవలాకర్త జూల్స్ వెర్న్ 1905వ సంవత్సరమున మరణించెను. మూఁడేండ్ల పిదప, అనఁగా 1908లో, "ఉల్కవేఁట" యను నర్థమిచ్చు పేరుతో నాతని నవల యొకటి ప్రకటింపఁబడెను. భూమిచుట్టును దిరుగుచున్న యొక సువర్ణపిండము దీనికి వస్తువు. వెర్న్ రచనలలో దీనికిఁ బెద్దపేరు లేదు. హాస్యకథలలోఁ జేర్చి విడిచిపెట్టినవారే పలువురు. కాని గ్రహశకలములను ద్రవ్వి లోహములను దెచ్చుకొనవచ్చునా, తెచ్చుకొన్నచో నవి యెవరి సొత్తగును అను ప్రశ్నలు నేఁడు రాజ్యముల శాసనసభల కెక్కినవి. ఆ ప్రశ్నలలోని చిక్కులు పెక్కు లీ చిన్ననవలలో నిమిడియున్నవని చూపుటయు, దీని పాఠమునుగూర్చిన వివాదమున నా యభిప్రాయమును దెలుపుటయు నీ వ్యాసమునకుఁ బ్రయోజనములు.

కథ సంగ్రహముగా నిది. అమెరికాలోని వర్జీనియా రాష్ట్రమున వాస్టన్ అను పట్టణమున ఫోర్సైత్, హడెల్సన్ అను నిరువురు ఖగోళవిద్యాభిమానులు గలరు. ఇరువురును మిత్రులు. ఒకరి మేనల్లునికిని వేఱొకరి కుమార్తెకును వివాహము నిశ్చయమైయున్నది. ఇరువురును నొక్క యుల్కనే చూచి, ముందు చూచినవాఁడను నేనన నేనని కలహింతురు. అది బంగారమని తెలిసినతోడనే కీర్తికై పుట్టిన కలహము ధనమునకై పెరుగును. రాజ్యములు ప్రతినిధులను బంపి సభ దీర్చును. బంగారుగనుల వాటాల వెలలు పడిపోవును. తుద కా పిండము గ్రీన్లండులో ఊపెర్నవిక్ చెంత నేలఁబడి, పిమ్మట సముద్రముపాలగును. ఎవరికిని దక్కినది లేదు. పెండ్లిమాత్రము జరుగును.

ఈ కథలో మొదట విచారింపఁదగినది స్వామ్యము. ముందు చూచినవానిదా? ముందు పట్టినవానిదా? పడినచోటి నేల యెవరిదో వారిదా? మన ధర్మశాస్త్రములం దీ మూఁడు పక్షములకును బీజములు గలవు. మనుస్మృతి తొమ్మిదవ యధ్యాయమున, క్షేత్రబీజవిచారసందర్భమున, అడవి నఱకి సాగుచేసినవానిదే పొలమనియు, ముందు బాణము నాటినవానిదే మృగమనియుఁ బెద్దలమాటగాఁ జెప్పఁబడినది. ఇందు శ్రమమే స్వామ్యమునకు హేతువు. కేవలదర్శనము హేతువు గాదు. మృగమును ముందు చూచితినని చెప్పుకొనువానికి మాంసము దక్కదు. కావున ఫోర్సైత్ హడెల్సనుల వాదము మన శాస్త్రదృష్టితోఁ జూచినను నిలువదు. కీర్తి దర్శనమువలన వచ్చును. సొత్తు దర్శనమువలన రాదు.

ఎనిమిదవ యధ్యాయమున నిధులనుగూర్చి చెప్పినచోట వేఱొక న్యాయము గలదు. పూర్వనిధులయందును భూమిలోని ధాతువులయందును రాజునకు సగము చెందుననియు, రక్షించుటవలనను భూమి కధిపతి యగుటవలనను నట్లు చెందుననియు నచటి తాత్పర్యము. ఈ రెండు హేతువులను విద్వాంసులు గమనింపవలెను. భాగమును గోరువానికి రక్షణభారము గూడ నుండవలెననుట యందలి సారము. ఆకాశమందలి రాతికి భూమ్యధిపతి లేఁడు, రక్షకుఁడును లేఁడు. రెండు హేతువులును లేనిచోట ధాతుభాగమును గోరుట కాధారమేమి? నేఁటి వివాదమంతయు నీ ప్రశ్నచుట్టును దిరుగుచున్నది.

ఉల్క నేలఁబడిన పిదప న్యాయము తేటపడును. 1890లో అమెరికాలోని అయోవా రాష్ట్రమున సుమారు 66 పౌనుల తూకముగల యుల్క యొకటి పొలములోఁ బడెను. చూచి త్రవ్వి తీసినవాఁడు దానిని విక్రయించెను. పొలము సొంతదారుఁడు వ్యాజ్యమాడెను. 1892లో నా రాష్ట్రపు సర్వోన్నతన్యాయస్థానము, పడిన యుల్క నేలలో భాగమైనదనియు, అది నేలగలవానిదే కాని దొరకఁబుచ్చుకొన్నవానిది గాదనియుఁ దీర్పు చెప్పెను. వెర్న్ నవలలో పిండ మాకాశమున నున్నంతవఱకు లోకమంతయు నాదియన నాదియనుటయు, అది పడుచోటు తెలిసినతోడనే యా నేలకుఁ బ్రాముఖ్యము గలుగుటయు నీ న్యాయమునకు సరిపోవుచున్నవి. ఈ కల్పన హాస్యమునకై చేసినదైనను నిరాధారమైనది గాదు.

ఇఁక నాకాశమును "అరాజకము" అని నేఁడు పలువురు వ్యవహరించుచున్నారు. ఈ మాటను బరిశీలింపవలెను. భారతశాంతిపర్వమున నరాజకమైన దేశమున బలవంతులు బలహీనులను, పెద్దచేఁపలు చిన్నచేఁపలను వలె, మ్రింగుదురని చెప్పిన మాత్స్యన్యాయము పండితు లెఱిఁగినదే. కాని రాజు లేకుండుట వేఱు, ధర్మము లేకుండుట వేఱు. 1967లో నమలునకు వచ్చిన యంతరిక్షసంధి మొదటి యధికరణమున నాకాశమును స్వేచ్ఛగాఁ బరిశోధించుటకును వినియోగించుటకును నెల్లరాజ్యములకు ననుమతి యొసఁగినది. రెండవ యధికరణమున నే రాజ్యమును జంద్రుని గాని యితరగోళములను గాని, సార్వభౌమత్వముచేత నైనను, వాడుకచేత నైనను, ఆక్రమణముచేత నైనను తనదిగాఁ జేసికొనరాదని నిషేధించినది. ప్రజలు చేయు పనికి వారి రాజ్యమే బాధ్యతవహింపవలెనని యాఱవ యధికరణము చెప్పుచున్నది. కావున నచట రాజు లేకపోవుట మఱపువలనఁ గలిగినది గాదు. రాజు ఉండరాదని కోరి చేసికొన్న కట్టు. లేనిది ధర్మము గాదు. ధర్మమును నడపు దండము.

ఆ కట్టులో నొక సందు విడువఁబడినది. గోళము నెవరును దమది చేసికొనరాదు. కాని గోళమునుండి పెల్లగించిన రాయి మాట యేమి? 1979నాఁటి చంద్రసంధి యా సంపదను మానవజాతి యుమ్మడిసొత్తుగాఁ జెప్పి, త్రవ్వకమునకుఁ దగిన యేర్పాటొకటి కావలెనని కోరినది. అది 1984లో నమలునకు వచ్చినను దానిని ధ్రువపఱచిన రాజ్యము లిరువదికిఁ దక్కువయే. అందొకటియైన సౌదీ అరేబియా 2024లో దానిని వీడినది. అమెరికావారు 2015లోఁ జేసికొన్న శాసనము, గ్రహశకలమునుండి తీసిన పదార్థమును దమ పౌరులు కలిగియుండుటకును, విక్రయించుటకును హక్కు గలదనుచు, గోళముపై సార్వభౌమత్వమును మాత్రము తాము గోరుట లేదని చెప్పినది. లక్సెంబర్గు 2017లోను, జపాను 2021లోను నట్టి శాసనములనే చేసినవి. సముద్రము నెవరిదియుఁ గాకున్నను బట్టిన చేఁప పట్టినవానిది గదా యని వీరి వాదము. సముద్రగర్భమందలి ఖనిజములను 1982నాఁటి సముద్రసంధి యుమ్మడిసొత్తుగా నిర్ణయించినది గదా యని ప్రతిపక్షుల వాదము. మన భారతదేశము చంద్రసంధిపై 1982లో సంతకముచేసి యింతవఱకు ధ్రువపఱుపలేదు; త్రవ్వకము తనంతఁ దా నాక్రమణము గాదను నార్టెమిస్ ఒడంబడికపై 2023లో సంతకము చేసినది. రెండు సంతకములును రెండు దిక్కులకుఁ జూచుచున్నవి.

నా దృష్టికి చేఁప యుపమానము పూర్తిగా నతుకదు. చేఁప మరలఁ బుట్టును; శకలము మరలఁ బుట్టదు. చిన్నశకలమును బూర్తిగాఁ ద్రవ్వి కొనిపోయినచో, గోళము నాక్రమింపలేదనియు నందలి పదార్థమును మాత్రమే తీసికొంటిననియు ననుట, చెఱువు నాక్రమింపలేదు, నీళ్లు మాత్రమే తోడుకొంటి ననుట వంటిది.

రెండవది లాభవిచారము. వెర్న్ గొప్పగాఁ బట్టిన మర్మ మిది: సమృద్ధి వెలను జంపును. ఆకాశమున బంగారమున్నదన్న వార్తకే భూమిపై బంగారుగనుల వాటాలు కూలినవి. పిండ మింకను బడనేలేదు. నేఁడును గొందఱు శకలములకు వెలకట్టి, లోకమందలి ధనమంతటికంటె నధికమైన యంకెలను వ్రాయుచున్నారు. ఆ లోహమంతయు సంతకు వచ్చినచో నా వెల యుండదని వారు మఱతురు. 1852లోఁ గనుఁగొనఁబడిన సైకీ యను గ్రహశకల మిందుల కుదాహరణము. అది యించుమించుగా నంతయు లోహమేయని తొలుతఁ దలఁచిరి. పిమ్మటి సాంద్రతాగణనములను బట్టి శిలయు లోహమును గలసినదై యుండవచ్చునని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. నిజము తెలిసికొనుటకై 2023 అక్టోబరులో బయలుదేఱిన నౌక 2029లో నచటికిఁ జేరవలసియున్నది. నవలలోవలె ముద్దబంగారముగల యుల్క సృష్టిలో లేదు. లోహోల్కలలో నినుము నికెలులే ప్రధానములు. ప్లాటినము మొదలైనవి పదిలక్షలపాళ్లలోఁ గొన్నిపాళ్లు మాత్రమే.

ఇంతవఱకు మనుష్యులు శకలములనుండి తెచ్చిన దెంత? జపానువారు 2010లో నిటొకావానుండి ధూళికణములను, 2020లో ర్యూగూనుండి 5.4 గ్రాములను దెచ్చిరి. అమెరికావారు 2023లో బెన్నూనుండి 121.6 గ్రాములను దెచ్చిరి. అందులకైన వ్యయము నూఱుకోట్ల డాలర్లకు మించినది. అది విద్యకై చేసిన వ్యయము కాఁబట్టి సార్థకమే. వర్తకమునకు మాత్ర మది లెక్క గాదు. ఈ పనికై పుట్టిన ప్లానెటరీ రిసోర్సెస్ అను సంస్థ 2018లో నన్యులపాలైనది. 2025 ఫిబ్రవరిలో ఆస్ట్రోఫోర్జ్ అను సంస్థవారు పంపిన నౌకతో సంబంధము తెగిపోయినది. నిజమైన లాభము నీటియందుఁ గలదని తెలిసినవారందురు. కొన్ని శకలములలోని మట్టిలో నీరు బంధింపఁబడియున్నది. దానిని విడఁదీసి యుదజని ప్రాణవాయువులుగా మార్చినచో నాకాశయానమున కింధనమగును. భూమికిఁ దేనక్కఱలేని వస్తువు గనుక దానికి సంతయు నచటనే. వెర్న్ బంగారమును జూచెను గాని నీటిని జూడలేదు. ఇది యాతని కాలమునకుఁ జెందిన లోపము.

మూఁడవది యపాయము, దీనితోనే పాఠవివాదమును ముడిపడియున్నది. 1908నాఁటి ముద్రణమును సిద్ధపఱచినవాఁడు గ్రంథకర్త కుమారుఁడు మిషెల్ వెర్న్. తండ్రి వ్రాఁతప్రతి 1986లో మాత్రమే ప్రకటింపఁబడెను. రెంటిని బోల్చిచూడఁగా, జెఫిరిన్ జిర్డాల్ అను చిత్రస్వభావుఁడైన శాస్త్రజ్ఞుఁడు కుమారుని కల్పనమని తేలినది. ఈతఁ డొక యంత్రమును నిర్మించి, యుల్కను దారి మళ్లించి తానుకొన్న నేలపైఁ బడునట్లు చేయును. ఈతని యాప్తుఁడైన వడ్డివ్యాపారి యా సమాచారముతో వాటాలబేరమాడి లాభించును. ఈ పాత్ర ప్రక్షిప్తమనియు, తండ్రి కథలోని సహజత్వమును జెఱచినదనియు వెర్న్ పండితులు కొందఱు నిందించిరి.

తండ్రిపేరఁ దన వ్రాఁతను జాటుగాఁ జొనుపుట తప్పే. ఎఱ్ఱన యరణ్యపర్వశేషమును నన్నయ భట్టారకునిపై గౌరవముతోఁ బూరించెను. ఎవరి రచన యెంతవఱకో లోక మెఱుఁగును. మిషెల్ వెర్న్ చేసిన దట్టిది గాదు. అయినను గర్తృత్వదోషము వేఱు, కావ్యగుణము వేఱు. తండ్రిపాఠమున నుల్క తనంతఁ దాఁ బడును. అందు దోషులు లేరు, దైవమే కర్త. కుమారుని పాఠమున మనుష్యుఁడు దానిని బడవేయును. అప్పుడే "ఎవరి సొత్తు" అను ప్రశ్నతోడ "ఎవరి బాధ్యత" అను ప్రశ్న పుట్టినది. ఆకాశమందలి రాతిని గదల్పఁగలవానికిఁ గదల్చు హక్కు గలదా? అది నేనుకొన్న నేలపైఁ గాక పొరుగూరిపైఁ బడినచో నుత్తరవాది యెవఁడు?

ఇది నేఁడు కల్పన గాదు. 2022 సెప్టెంబరులో అమెరికావారు డైమోర్ఫస్ అను చిన్నశకలమును నౌకతోఁ గొట్టి, తన పెద్దశకలముచుట్టును దిరుగు కాలమును సుమారు అరగంట తగ్గించిరి. భూమిని రక్షించుటకై నేర్చిన విద్య యది. శకలమును దొలఁగఁద్రోయఁగల విద్యయే మీఁదికిఁ ద్రోయుటకును బనికివచ్చునని కార్ల్ సేగన్, స్టీవెన్ ఆస్ట్రో అను శాస్త్రజ్ఞులు 1994లోనే హెచ్చరించిరి. గనికై శకలమును భూమిచెంతకుఁ దేఁదలఁచువాఁడును నీ విద్యనే యాశ్రయింపవలెను. లాభ మొకని పెట్టెలోఁ బడును, అపాయ మెల్లరి నెత్తిపైఁ బడును. జిర్డాల్ పాత్ర లేనిచో నవలలో నీ యర్థమునకుఁ దావు లేదు. కావున నిది ప్రక్షిప్తమైనను నిరర్థకము గాదని నా మతము. ఇరుపాఠములను వేర్వేఱుగా ముద్రించి, కర్తృత్వమును స్పష్టపఱచి చదువుట యుచితము. ఒకదానిని ద్రోసిపుచ్చుట యుచితము గాదు.

నవలలో లోపములు లేకపోలేదు. ఫోర్సైత్ హడెల్సనుల కలహము పునరుక్తులతో సాగినది. న్యాయాధిపతి ప్రోత్ యెదుట వివాహమాడి, విడిపోయి, మరల వివాహమాడు దంపతుల యుపకథ ప్రధానకథకు వదులుగా నంటియున్నది. రాజ్యముల సభను వెర్న్ పరిహాసమునకే వినియోగించెను. ఆ సభ తీర్పు చెప్పఁగలిగియుండినచో నెట్లు చెప్పవలసియుండెనో విచారింపలేదు. పిండమును సముద్రమునఁ బడవేసి ప్రశ్ననుగూడ దానితో ముంచివేసెను. కథకుని కది చెల్లును, రాజ్యములకుఁ జెల్లదు. 2021లో నైక్యరాజ్యసమితి యంతరిక్షసంఘమున నీ విషయమునకై యొక యుపసంఘ మేర్పడినది. రక్షణభారము లేనివానికి ధాతుభాగము లేదను పూర్వన్యాయము నట్టివారు పాటింతురేని, త్రవ్వుటకు హక్కు గోరువాఁడు త్రవ్వుటవలనఁ గలుగు కీడునకు ముందే పూఁటపడవలెనను నియమము కొంతవఱకైన నేర్పడఁగలదు. ఇందలి యుక్తాయుక్తములను విజ్ఞులు విచారింతురుగాక.