బురుజు చుట్టూ ఊరుంది!

'ఒక్కడు' సినిమా (2003) టీవీలో ఎప్పుడొచ్చినా పొయ్యి మీది కూర మరిచిపోయి కూర్చుంటాను. అంత ఇష్టం. అయినా దర్శకుడు గుణశేఖర్ గారితో నాకో చిన్న తగవుంది.

హీరో ఉండే చార్మినార్ వీధిని ఆయన ఎంత ప్రేమగా సెట్ వేయించారో చూడండి! ఇళ్లు, మేడలు, ఇరుగుపొరుగు, అన్నీ ఉన్నాయి. మరి కర్నూలుకొచ్చేసరికి? కొండారెడ్డి బురుజు, ఓబుల్‌రెడ్డి, తన్నులాట. అంతే! ఆ తర్వాత ఎన్నో సినిమాలకు రాయలసీమ అంటే ఆ బురుజే అయిపోయింది.

బురుజు చుట్టూ ఓ ఊరుందండీ. 1953 నుంచి 1956 దాకా ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా ఉండి, డేరాల్లో ఆఫీసులు నడిపించిన ఊరు. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కలిసి పొంగితే పాతబస్తీ అంగళ్లూ ఇళ్లూ మునిగాయి. బురద ఎత్తిపోసుకుని మళ్లీ తలుపులు తెరిచినవాళ్ల కథ ఏ సినిమాకూ పట్టలేదు.

చట్టాలకైనా పట్టిందా? మన 1958 చట్టం నూరేళ్లు నిండిన కట్టడాల మాట చెబుతుంది. అమెరికాలో 1966 చట్టంతో వచ్చిన జాతీయ జాబితాలో మాత్రం చిన్న పట్టణాల పాత బజారు వీధులు మొత్తంగా చేరాయి. విడిగా చూస్తే అది మామూలు మందుల షాపే, కలిపి చూస్తే చరిత్ర. జాబితాకెక్కినా యజమాని సొంత డబ్బుతో కూల్చుకుంటే అది అడ్డుకోలేదు, నిజమే. కానీ వీధిని కూడా చరిత్ర అని ఒప్పుకున్నారు కదా!

సినిమావాళ్లనే అనడమెందుకు? నా నవలలో నాయిక కర్నూల్లో బస్సు దిగింది, బురుజు చూసింది, పగల కథలోకి నడిచింది. పక్కనున్న బట్టలంగట్లో బేరమాడుతున్న ఆడవాళ్లు నాకే కనిపించలేదు! మా తుమ్మలపల్లె పేరెత్తగానే బయటివాళ్లు "యురేనియం కదూ?" అంటే నొచ్చుకునేదాన్ని నేనే. మరి కర్నూలుకు నేను చేసిందేమిటి?

ఈసారి కర్నూలు వెళ్తే బురుజు చూడండి, వద్దనను. తర్వాత దానికి వీపు తిప్పి నిలబడండి. ఊరు కనిపిస్తుంది. కొత్త నవలకు నేనూ అక్కణ్ణుంచే మొదలుపెడతాను.