మొదట వెలిగిన కిటికీ

మెదక్ చర్చికి వెళ్లొచ్చినవాళ్లు ముందుగా గంటల గోపురం ఎత్తు చెబుతారు, 175 అడుగులని. లోపల ఐదు వేల మంది పడతారని చెబుతారు. నన్ను అడిగితే మాత్రం నేరుగా ఆల్టర్ వైపు నడిచి, దాని వెనకున్న రంగుటద్దాల కిటికీ ముందు కాసేపు నిలబడమంటాను. సంఘాన్ని నడిపేవాడికి నిరీక్షణ ఉండాలని ప్రసంగాల్లో ఎన్నోసార్లు విన్నాం. అది చేతిపనిలోకి దిగితే ఎలా ఉంటుందో అక్కడ కళ్లకు కనబడుతుంది.

వెస్లియన్ మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ ఈ కట్టడాన్ని 1914లో మొదలుపెట్టారు. అటు ప్రపంచ యుద్ధం, ఇటు కరువు. ఆకలితో వచ్చినవాళ్లకు ఆయన పని చూపించి, ఆ పనికి తిండి పెట్టారు. కరువు పని అంటే ఏమిటో మన ఇబ్రహీంపట్నం లాంటి చెరువు కింది ఊళ్లలో విడమరచి చెప్పక్కర్లేదు. పూట గడవనప్పుడు ఇంత పెద్ద చర్చి దేనికని ఎవరైనా అడిగితే అది న్యాయమైన ప్రశ్నే. కానీ కరువు పనే కదా, ఎలాగోలా కానిద్దాం అని అక్కడ ఎవరూ అనుకోలేదు. నా మనసును పట్టుకున్నది అదే. పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు. నేలకు పరిచిన రంగురంగుల పలకలు బ్రిటన్ నుంచి వచ్చాయి, వాటిని పరచడానికి ఇటలీ మేస్త్రీలు వచ్చారు. అంత ఎత్తు కప్పు కింద మాట మారుమోగి చెదిరిపోకుండా, పైన స్పాంజిలా బోలుగా ఉండే పదార్థం వాడారు. ఆకలిగొన్నవాళ్ల చేతుల మీదుగా లేచిన గోడల్లో ఎక్కడా బీదతనం లేదు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది.

అప్పటికి రంగుల కిటికీలు లేవు. వాటిని రూపొందించినవాడు లండన్ చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ. ఇలాంటి కిటికీలో రంగు అద్దంలోనే కలిసి ఉంటుంది. ముఖాలు, వేళ్లు, బట్టల మడతలు నల్లటి గీతలుగా గీసి కొలిమిలో కాలుస్తారు. తర్వాత ముక్కముక్కనూ సీసపు పట్టీలతో అతుకుతారు. బయటి నుంచి చూస్తే మసకబారిన అద్దం, సీసపు గీతలు తప్ప ఏమీ తెలియదు. బొమ్మ కనబడాలంటే లోపల నిలబడాలి, బయట ఎండ ఉండాలి.

మూడు కిటికీలూ ఒకేసారి రాలేదు. 1927లో ఆల్టర్ వెనక ఆరోహణం పెట్టారు. జననం 1947లో వచ్చింది, సిలువ 1958లో. సువార్త వరసలో చివర రావలసిన ఘట్టం ఈ చర్చిలో అన్నిటికన్నా ముందు వెలిగింది. ఇరవై ఏళ్లపాటు అక్కడ ఆరాధించినవాళ్లకు తొట్టిలో పసివాడి కన్నా ముందు, సిలువ కన్నా ముందు, పైకి వెళుతున్న ప్రభువే కనబడ్డాడు. ఎవరు ఏమి ఆలోచించి ఆ వరస పెట్టారోగానీ, గెలుపు ముందుంచుకుని కష్టంలోకి నడిపించే నాయకత్వానికి ఇంతకన్నా మంచి చిత్రం నేను చూడలేదు.

మన వైపు సాగర్ రోడ్డు వెంట ఇళ్ల మీద, పై అంతస్తు కోసం పిల్లర్ల చువ్వలు వదిలేస్తారు. కొడుకు వేస్తాడో మనవడు వేస్తాడో తెలియకపోయినా వదులుతారు. మెదక్‌లో కిటికీలకు అలా వదిలిన ఖాళీ పూడటానికి పునాది నాటి నుంచి 44 ఏళ్లు పట్టింది. రెండో కిటికీ వచ్చిన 1947లోనే దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. మూడోది వచ్చేసరికి పని మొదలుపెట్టిన తరం దాదాపు వెళ్లిపోయింది. తమ పేరు కలవని పనికి చోటు వదిలివెళ్లడం చిన్న విషయం కాదు. తన తర్వాత సంఘం ఏమైపోతుందో అని దిగులుపడే పాస్టరు గారు ఎవరైనా మన ప్రాంతంలో ఉంటే, సంఘపెద్దలతో కలిసి ఒక్కసారి మెదక్ వెళ్లాలని నా కోరిక. పగటిపూట వెళ్లండి, చీకటి పడితే రంగులుండవు. మూడింటినీ తేదీల వరసలోనే చూడండి: ముందు ఆరోహణం, తర్వాత జననం, ఆపైన సిలువ.