మైనం మీద నిలిచిన పన్నెండు మెట్లు

మా ఇబ్రహీంపట్నం దిక్కు చెవికి మొదట అలవాటయ్యేది డోలు చప్పుడు. హన్మాజీపేట మిద్దె రాములు ఒగ్గుకథ ఎత్తుకుంటే జనం కూర్చున్న చోటి నుంచి లేచేవాళ్లు కాదని మా పెద్దలు ఇప్పటికీ మురిసిపోతూ చెప్తారు. నా మనసు మాత్రం తీగె మీద పడింది. అదీ అంగట్లో కొన్న తీగె కాదు, వాయించేవాడు తన చేత్తో చేసుకున్న డక్కలి కిన్నెర.

కిన్నెరకు కావలసింది చాలావరకు చేన్లో, చెలకలో దొరికేదే. ఒక వెదురు బొంగు, ఎండిన ఆనిగెపు బుర్రలు, తేనెమైనం, తీగెలు. పూర్వం తీగెకు గుర్రం తోక వెంట్రుకలు, మెట్లకు అలుగు పెంకులు వాడేవారట. 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక అలుగును ముట్టుకునే వీల్లేదు, అది మంచిదే.

అసలు పనితనమంతా మైనంలో ఉంది. బొంగు మీద మైనం ముద్దలు పెట్టి, వాటిలో మెట్లు గుచ్చుతారు. నేనొకసారి ఒక కిన్నెర పెద్దాయన దగ్గర కూర్చుని చూశాను. ఆయన పాట మధ్యలో ఆగి, ఒక మెట్టు మొదలు దగ్గర బొటనవేలు ఆనించి, ఒంటి వేడికి మైనం మెత్తబడేదాకా పట్టుకున్నాడు. మెట్టును వడ్లగింజంత జరిపాడు, తీగె మీటాడు, తలూపాడు. ఆ పొద్దు ఆయన గొంతు కొంచెం బొంగురుపోయింది, కిన్నెర ఆ గొంతుకు దిగివచ్చింది! ఏ కీబోర్డు చేస్తుందండీ ఈ పని?

ఇది నిన్న మొన్నటి విద్య కాదు. 13వ శతాబ్దిలో పాల్కురికి సోమన బసవపురాణంలో కిన్నెర బ్రహ్మయ్య కథ చెప్పాడు. ఉల్లిగడ్డ దగ్గర సాక్షాత్తు బసవన్న మీదే అలిగిన భక్తుడాయన. కిన్నెర పట్టినవాళ్ల పౌరుషం ఆనాటిదే! దేవుడి ముందు మోగిన ఆ వాద్యం డక్కలి కులం వాళ్ల చేతిలో జాంబవ పురాణానికి, వీరుల కథలకు తోడైంది.

ఇక మన కాలంలో దర్శనం మొగులయ్య. నాగర్‌కర్నూల్ జిల్లా అవుసలికుంట మనిషి, వాయించేది పన్నెండు మెట్ల కిన్నెర. వీరుడు పండుగ సాయన్న కథ ఆయన చెప్తుంటే పాట ఎక్కడ ఆగిందో, తీగె ఎక్కడ అందుకుందో నాకు ఇప్పటికీ తెలియదు. ఎంత వాయించాడన్నది కాదు, ఎక్కడ మీటకుండా వదిలేశాడో వినాలి. 2021లో భీమ్లా నాయక్ పాటతో ఊరూరికీ తెలిశాడు, 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆ తర్వాత కూడా ఆయన కూలిపనికి పోయిన వార్త చదివి నాకు అన్నం సయించలేదు.

అమెరికాలో కెంటకీ కొండల వాళ్లకు ఇలాగే ఇంట్లో చేసుకునే డల్సిమర్ ఉంది. నాలుగు తీగెలో మూడో, ఒకటి పాటకు, మిగతావి శ్రుతికి. జీన్ రిచీ అనే గాయని దాన్ని న్యూయార్క్‌కు తెచ్చింది, భర్తతో కలిసి డల్సిమర్లు చేయించి అమ్మింది. నేర్చుకునేవాళ్లు పెరిగారు.

మనమేం చేశాం? ప్లాస్టిక్ బుర్రలకు రంగులేసి వేదిక మీద పెడుతున్నాం. వెనకాల ప్యాడ్ మోగుతుంది, ముందు మనిషి వేళ్లు ఆడిస్తాడు. దానికి జానపదమని పేరు! నాకు అందులో కిన్నెర కనబడదు, వినబడదు. డీజేకు వేలు పోసి, ఇంటి ముందుకొచ్చిన కిన్నెర మనిషికి పది రూపాయలిచ్చి పొమ్మనే మన చేతులను ఏమనాలి?

చదివేవారికి ఒక్క మనవి. ఈ వానాకాలం పెరట్లో చేదు ఆనిగెపు పాదు ఒకటి పెట్టండి. కాయను కోయకండి. తీగె మీదే ఎండి, ఊపితే లోపల గింజలు గలగలమనేదాకా ఆగండి. కిన్నెర చేసేవాళ్లకు ఇప్పుడు మంచి బుర్ర దొరకడమే కష్టంగా ఉంది.